కాపడం పెట్టె

ముందే చెప్పేస్తున్నాను, తర్వాత నన్ను అనొద్దు. ఉన్నది ఉన్నట్టు చెప్పడం నాకు చేతకాదు. చీమ కుట్టిందని చెప్పాల్సి వస్తే, ఆ చీమకు రెండు కొమ్ములు పెట్టనిదే నాకు మాట పూర్తయినట్టు ఉండదు. నేను "వాన పడేటట్టుంది" అంటే మా ఆవిడ ఆరేసిన బట్టలు తీయదు. వాకిట్లోకి వచ్చి, ఆకాశాన్ని స్వయంగా చూసుకొని, మళ్ళీ లోపలికి పోతుంది. కాబట్టి ఇందులో బరువులు, అరుపులు, చెమటలు కనబడిన చోటల్లా మీకు తోచినంత కోసేసి చదువుకోండి. అవి ఎవరైనా పట్టుకోగల అబద్ధాలు. ఎవరూ పట్టుకోలేని అబద్ధం ఒక్కటి ఉంది. అదేదో ఆఖర్న నేనే చెబుతాను.

ఇబ్రహీంపట్నంలో సాగర్ రోడ్డు పక్కన ఒక రేకుల షెడ్డులో కార్లు బాగుచేస్తూ బతికాను. పేరు జంగయ్య. ఇప్పుడు మానేశాను. యాభై దాటి ఎంతో కాలేదు, అప్పుడే విశ్రాంతి ఏమిటని అడుగుతారు. డ్యాష్‌బోర్డు కింద తలకిందులుగా దూరి పనిచేసేవాడికి వయసు జుట్టులో తెలియదు, భుజంలో తెలుస్తుంది. నా కుడి భుజం నాకంటే ఓ పాతికేళ్ళు పెద్దది. అది వద్దన్నది, నేను మానేశాను. పనిలోకి కొత్తగా దిగే పిల్లలు అప్పుడప్పుడు వచ్చి "అన్నా, ఏదన్న జెప్పు" అంటారు. ఇంజన్ల సంగతి ఇప్పుడు ఫోన్లోనే దొరుకుతుంది. ఫోన్లో దొరకనిది ఒకటి చెబుతాను.

అట్టడుగున ఉండేది

కారులో హీటర్ కాయిల్ అని ఒక వస్తువు ఉంటుంది. చిన్న రేడియేటర్ అనుకోండి, బడిపిల్లల పలకంత. ఇంజనులో కాగిన నీళ్ళు రెండు పైపుల గుండా దానిలోకి వచ్చి పోతుంటాయి. వెనక నుంచి ఫ్యాను ఊదితే లోపల కూర్చున్నవాళ్ళకు వెచ్చని గాలి వస్తుంది. అంతే దాని పని.

కానీ కారు తయారుచేసేవాళ్ళు మొట్టమొదట ఈ కాయిల్‌ను నేల మీద పెట్టి, దానికి దండం పెట్టి, దాని చుట్టూ మిగిలిన కారు కడతారని నా గట్టి నమ్మకం. దాన్ని మార్చాలంటే ముందు సీట్లు తీయాలి, స్టీరింగ్ దించాలి, ఏసీ గ్యాస్ తీయించాలి, తర్వాత ఏనుగంత డ్యాష్‌బోర్డును ఇద్దరు పట్టుకొని బయటికి లాగాలి. దేవుడి గూట్లో వత్తి మార్చడానికి ఇంటి పైకప్పు దించినట్టు ఉంటుంది ఆ పని. విప్పిన వైర్లన్నీ ముడివేస్తే ఇక్కడి నుంచి నాగార్జునసాగర్ దాకా వస్తాయి. మిగిలిన స్క్రూల మాట అడగొద్దు. ప్రతి మెకానిక్ ఇంట్లోనూ ఒక డబ్బా ఉంటుంది.

అది పాడైతే ఎలా తెలుస్తుంది? ఎడమ పక్క కాళ్ళ కింద పట్టా తడుస్తుంది. లోపల తీపి వాసన వేస్తుంది. ముందు అద్దానికి లోపలి నుంచి జిడ్డు పొగ పడుతుంది. కొత్తవాడు ఏసీ నీళ్ళనుకొని ఏసీ పైపు ఊది పంపిస్తాడు. ఏసీ నీళ్ళయితే వేళ్ళ మధ్య నీళ్ళలాగే ఉంటాయి, కూలెంట్, అంటే ఇంజనును చల్లబరిచే మందునీళ్ళు, అయితే జారుతుంది. నేను నాలుకతో కనుక్కునేవాణ్ణని షెడ్డులో చెప్పుకునేవాణ్ణి. అది అబద్ధం. మీరు నిజంగా నాలుక పెట్టి చూసేరు, అది విషం.

బైపాస్

మా ఉస్తాద్ పేరు నర్సింహ. షెడ్డు ఆయనది. ఆయన గొంతు ఎత్తితే తుర్కయాంజాల్‌లో షేర్ ఆటోలు వెనక లారీ వస్తోందని పక్కకు జరిగేవి. చెయ్యి మాత్రం చాలా మెత్తన. ఎంత తుప్పుపట్టిన నట్టయినా ఆయన పట్టుకుంటే బుజ్జగించినట్టు వచ్చేది.

హీటర్ కాయిల్ కారిన బండి వస్తే ఆయన చేసే పని ఒకటే. ఇంజను వైపున ఆ రెండు పైపులనూ కాయిల్ నుంచి పీకి, ఒకదాన్ని ఒకదానికి కలిపేసి, రెండు క్లిప్పులు బిగించడం. కాయిల్‌లోకి నీళ్ళే పోవు గనుక కారడం ఆగుతుంది. టీ చల్లారేలోపు బండి రోడ్డెక్కుతుంది. దీన్ని మేము బైపాస్ అంటాం. ఒకసారి ఆయన ఫోన్‌లో "బైపాస్ జేసిన, ఇంక పానానికి ఫికర్ లేదు, తోలుకపోండ్రి" అని అరుస్తుంటే, పక్కన టైరుకు గాలి పట్టించుకుంటున్న ఒకాయన వచ్చి, ఏ దవాఖానలో గుండె డాక్టరుగా చేస్తున్నారని వినయంగా అడిగాడు.

"ఈ ఎండల రాజ్యంల హీటర్ ఎవనికి గావాలెరా?" అనేవాడు ఉస్తాద్. నేనూ అవుననేవాణ్ణి. ఆ రోడ్డు మీద ఏ షెడ్డులోనూ కాదన్నవాడు లేడు. మే నెలలో ఇక్కడ కారు తలుపు పట్టుకుంటే చేతి గీతలు చెరిగిపోయి జాతకం మారిపోతుంది. అలాంటి ఊళ్ళో హీటర్ కోసం డ్యాష్‌బోర్డు విప్పమంటే నవ్వరా? నవ్వేవాళ్ళం. బండి ఎవరిదో చూసేవాళ్ళం, ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో చూసేవాళ్ళం. లోపల ఎవరు కూర్చుంటారని మాత్రం అడిగేవాళ్ళం కాదు.

పెట్టె ఏది?

ఒక చలికాలం పొద్దున షెడ్డు ముందు పాత ఏడు సీట్ల బండి ఒకటి ఆగింది. అంతకు ముందు వారమే మేం బైపాస్ చేసి పంపిన బండి. వెనక సీట్లు పీకేసి ఇడ్లీ పాత్రలు, గ్యాస్ సిలిండరు, మడత బల్లలు పెట్టుకున్నారు. అద్దానికి చిన్న సిలువ వేలాడుతోంది. నడిపే అతను సామ్యేలు, మంచాల వైపు మనిషి. బండి ఆపి, ఫోన్ మోగితే మాట్లాడుతూ రోడ్డు దాటిపోయాడు. ముందు సీట్లో అతని తల్లి సువార్తమ్మ ఉంది. దిగలేదు. కిటికీ అద్దం దించి ఉస్తాద్‌ను పిలిచింది.

"బిడ్డా, మొన్న బండి మీ కాడ ఇడిస్తిమి గదా. నా కాపడం పెట్టె యాడ వెట్టిన్రు?"

ఉస్తాద్ చేతిలో పానా ఆగిపోయింది. "ఏం పెట్టె?"

"కాపడం పెట్టె. మీ తానకు వచ్చేదాక ఉండె. ఇంటికి వొయ్యి జూస్తే లేదు."

"అమ్మా, నా షెడ్డుల వస్తువు వోయిందన్న మాట ఇయ్యాల్టిదాక ఎవ్వలన్లే!"

"దొంగలంటలేను బిడ్డా. తీసిన్రు, మల్ల వెట్టుడు మరిశిన్రు. గంతే."

ఇక చూడండి. ఉస్తాద్ కేకకు షెడ్డు రేకుల మీది దుమ్ము రాలింది. అందరం వెతకడం మొదలుపెట్టాం. ఆ పెట్టె ఇనుపదో చెక్కదో, అందులో ఏముందో అడిగే ధైర్యం ఎవరికీ లేదు. టైర్లు దొర్లించాం, ఆయిలు డబ్బాలు జరిపాం, పాత సీట్లు తిరగేశాం. షెడ్డు కట్టినప్పుడు పోయిన తాపీ దొరికింది. ఎవరిదో పెళ్ళి ఆహ్వానం దొరికింది, ఆ పెళ్ళికొడుకు అప్పటికి తాతయ్యాడు. పెట్టె మాత్రం దొరకలేదు. సువార్తమ్మ కిటికీలోంచి "గా మూలకు జూడుండ్రి" అని చెయ్యి చూపిస్తూ మాకు సాయం చేస్తోంది.

సామ్యేలు ఫోన్ మాట్లాడి వచ్చి, మా అవతారాలు చూసి బిత్తరపోయాడు.

"ఏం దేవులాడుతున్నరన్నా?"

"మీ అమ్మ పెట్టె!"

అతను తల పట్టుకున్నాడు. "పెట్టె గాదన్నా. హీటరు. అమ్మ గట్లనే అంటది."

మోకాళ్ళు

షెడ్డంతా నవ్వింది. ఉస్తాద్ అందరికంటే ఎక్కువ నవ్వాడు, దొంగతనం పోయింది గనుక. "హీటరా? పెద్దమ్మా, మనకు చలికాలం గూడ చెమటనే గదనే!"

"చెమట నీకు బిడ్డా," అంది సువార్తమ్మ. "నాకు గాదు."

ఆమె కాళ్ళ మీద దుప్పటి ఉంది. దాన్ని కాస్త తప్పించింది. మా దిక్కు ఫ్లోరైడు ఉన్న బోరు నీళ్ళు తాగి కీళ్ళు బిగుసుకున్నవాళ్ళను అందరం చూశాం, కొత్త కాదు. అయినా నవ్వు ఆగింది. మోకాళ్ళు రెండూ మడతలోనే ఉండిపోయి ఉన్నాయి.

సంగతి ఇది. కొంగరకలాన్‌లో ఫ్యాక్టరీ గేటు దగ్గర వాళ్ళ టిఫిన్ బండి. ఆ రోజు దానికి సెలవు. మొదటి షిఫ్టు పిల్లలు లోపలికి పోకముందే పొయ్యి వెలగాలి. మంచాల నుంచి బయల్దేరేటప్పుడు ఆమె కాళ్ళు కదలవు. కొడుకు ఎత్తి కూర్చోబెడతాడు. దారి పొడుగునా హీటర్ గాలి మోకాళ్ళ మీద పడుతుంటే, గుడ్డతో కాపడం పెట్టినట్టు, గేటు చేరేసరికి కీళ్ళు వదులవుతాయి. అప్పుడు తనంతట తాను దిగి, మధ్యాహ్నం దాకా నిలబడి ఇడ్లీ వేస్తుంది. మేం కారడం ఆపాం. దాంతోపాటు ఆ వేడినీ ఆపేశాం.

"వారం సంది వీడు నన్ను బస్తా లెక్క ఎత్తి దించుతుండు," అంది. "డూటీకొచ్చిన ఆడివిల్లలందరు జూసిన్రు. ఒక పోరి ఫోటో గూడ దీసింది."

సామ్యేలు నేల చూస్తూ అన్నాడు. "నాతోని అయితలేదన్నా. వచ్చే సోమవారం సంది అమ్మను ఇంట్లనే ఉండుమన్న. పొయ్యి కాడికి ఒకాయన్ను మాట్లాడిన."

"ఇంట్ల గూసుంటే మల్ల లేస్తనారా?" అంది ఆమె. కోపంగా అనలేదు. ఇడ్లీ ఉడికిందా అని అడిగినంత మామూలుగా అడిగింది.

ఉస్తాద్ మనసు కరిగిందని రాస్తే బాగుంటుంది గానీ, ఆయన మొదట అన్నది ఇది: "జంగా, ఇప్పు బండి. లేకపోతే నర్సింహ షెడ్డుల పెట్టె మాయమైందని మంచాలంత చెప్పుకుంటరు."

విప్పడం

విప్పాం. సామ్యేలు తల్లిని ఎత్తి బయట కుర్చీలో కూర్చోబెట్టాడు. సీట్లు పోయాయి, స్టీరింగ్ పోయింది, డ్యాష్‌బోర్డు వచ్చింది. నేను తలకిందులుగా వేలాడుతూ చివరి పెట్టెలోంచి కాయిల్ లాగాను. అడుగున పచ్చగా తుప్పు, ఒక మూల సన్నటి చీలిక. ఊది చూస్తే గాలి సరిగా పోవడం లేదు. రేకు కత్తిరతో కోశాం. లోపలి గొట్టాల్లో చాలావాటి నిండా తెల్లటి సున్నం, సున్నపురాయిలా గట్టిపడి ఉంది. రేడియేటర్‌లో నీళ్ళు తగ్గినప్పుడల్లా సామ్యేలు ఇంటి బోరు నీళ్ళు పోశాడు. పిల్లలూ, ఇది గుర్తు పెట్టుకోండి. కూలెంట్ పోయాల్సిన చోట బోరు నీళ్ళు పోస్తే మొదట చచ్చేది ఈ సన్నటి గొట్టాలే.

సువార్తమ్మ ఆ ముక్కను చేతిలోకి తీసుకొని అటూ ఇటూ తిప్పి చూసింది.

"నేను దాగిన నీళ్ళే ఇది గూడ దాగింది," అని నాకు తిరిగి ఇచ్చింది.

సిటీ నుంచి కొత్త కాయిల్ వచ్చింది. బిగించాం. ఏసీ గ్యాస్ పట్టించాం, కూలెంట్ పోశాం. ఇక్కడ కుర్రాళ్ళు తొందరపడతారు. కాయిల్ ఎత్తులో ఉంటుంది, గాలి ఇరుక్కుంటుంది. బండి మూతి పైకి ఉండేట్టు ఎత్తు మీద నిలిపి, హీటర్ పూర్తిగా తిప్పి, బుడగలన్నీ పోయేదాకా ఓపిక పట్టాలి. తర్వాత రెండు పైపులూ చేత్తో తాకి చూడాలి. రెండూ కాలితే నీళ్ళు తిరుగుతున్నట్టు. ఒకటి కాలి ఒకటి చల్లగా ఉంటే మీరు చేసిందంతా వృథా. నాకు రెండూ కాలాయి. నా బొటనవేలు మీద అప్పటి మచ్చ ఇంకా ఉంది, వెన్నెల్లో మెరుస్తుంది.

ఆమెను కూర్చోబెట్టి ఫ్యాను వేశాం. వేడిగాలి వచ్చింది. కొంగు రెపరెపలాడింది. ఆమె కళ్ళు మూసుకుంది. మేం ఒకరి వీపు ఒకరం చరుచుకున్నాం.

"మొఖానికొస్తుంది బిడ్డా," అంది. "మోకాళ్ళకు రాలే."

గాలిని ముఖానికో కాళ్ళకో మళ్ళించే రెక్క ఒకటి లోపల ఉంటుంది. దాన్ని లాగే తీగకు ప్లాస్టిక్ కొక్కెం. బండి పాతది, ఆ కొక్కెం ఎండి పెళుసై, బిగించేటప్పుడే ఎక్కడో విరిగింది. గోరంత ముక్క. దాని దగ్గరికి పోవాలంటే మళ్ళీ సీట్లు, స్టీరింగ్, డ్యాష్‌బోర్డు.

ఉస్తాద్ గడియారం చూశాడు. బయట అప్పటికే ఎన్నో బండ్లు ఎదురుచూస్తున్నాయి, వరస చౌరస్తా దాకా ఉందని చెబుతాను, మీరు కోసుకోండి. "వేడి వచ్చిందా లేదా? నాలుగు దినాలైతే అదే కిందికి దిగుతది పెద్దమ్మా."

"ఆవిరి కిందికి దిగుతదా? నేను ఇడ్లీలొండేదాన్ని బిడ్డా, నాకు జెప్తున్నవా?"

"మరి మొఖం కాడి రంధ్రాలల్ల గుడ్డలు కుక్కుదాం. ఎటు వోతది, కాళ్ళకే వస్తది."

"రెక్కే మూసుకొని ఉన్నది ఉస్తాద్," అన్నాను. "ఎన్ని గుడ్డలు కుక్కినా రాదు."

"నువ్వు నోరు ముయ్యి."

ఆమె సరే, దిగుతానన్నట్టు తలుపు తీసింది. సామ్యేలు అందుకోబోతే చేత్తో ఆపింది. కుడి మోకాలిని రెండు చేతులతో పట్టుకొని, అది తనది కాని వస్తువైనట్టు ఎత్తి, బయట పెట్టింది. ఎడమది రాలేదు. మళ్ళీ పట్టుకుంది. పక్కన డెంటు కొట్టేవాడి సుత్తి ఆగింది. గాలి మిషను ఆగింది. రోడ్డు మీద బస్సు ఒకటి పోయింది, ఆ చప్పుడు కూడా పోయింది. ఆమె ఇంకా దిగుతూనే ఉంది. ఇంతసేపు ఆ కాళ్ళు కదలవన్నది మాకు ఆమె చెప్పిన మాట. ఇప్పుడు అందరం చూస్తున్నాం, చూడకుండా ఉండడానికి ఎవరికీ ఎక్కడా చోటు లేదు.

కాలు నేలకు తాకాక ఆమె తలుపు పట్టుకొని, చెమట తుడుచుకొని, "పోదాం పా," అంది కొడుకుతో.

ఉస్తాద్ ముందుకు వచ్చి ఆమె ఎదుట నిలబడ్డాడు. "తప్పయింది పెద్దమ్మా," అన్నాడు. నా చేతిలో స్క్రూడ్రైవర్ తీసుకొని బండిలోకి దూరాడు. ఆయన డ్యాష్‌బోర్డు కింద దూరడం మానేసి ఎంతకాలమైందో షెడ్డులో ఎవరికీ గుర్తులేదు. పొట్ట అడ్డం వచ్చింది, స్టీరింగ్ కింద ఇరుక్కున్నాడు, ఇద్దరం కాళ్ళు పట్టుకొని తిప్పాల్సి వచ్చింది. ఎవరూ నవ్వలేదు. సీట్లు, స్టీరింగ్, డ్యాష్‌బోర్డు మళ్ళీ బయటికి వచ్చాయి. కొక్కెం దొరకకపోతే ఇత్తడి రేకు కోసి, ఆకురాయితో తానే రాకి, కొత్తది చేశాడు. తీగ తగిలించి, రెక్కను తన వేలితో అటూ ఇటూ ఆడించి, "ఇంక మూయుండ్రి," అన్నాడు.

గేటు దగ్గర

సోమవారం పొద్దున వాళ్ళ బండిలో నేనూ పోయాను. షెడ్డులో పనిచేసింది రోడ్డు మీద పనిచేయాలని లేదు. వెనక ఇడ్లీ పాత్రల మధ్య చట్నీ గిన్నె ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నాను. చలికి పొలాల మీద పొగమంచు ఉంది. పొలాలనడం అలవాటు, ఇప్పుడవన్నీ రాళ్ళు పాతిన ప్లాట్లే.

సువార్తమ్మ దుప్పటిని మోకాళ్ళ మీద గుడారంలా పరిచి, కింది అంచును ఫ్యాను రంధ్రం దాకా లాగి పెట్టుకుంది. గాలి ఒక్క పిసరు బయటికి పోకుండా. ఎన్నో చలికాలాలుగా చేసిన చెయ్యి అది. దారంతా సామ్యేలు మాటిమాటికీ ఆమె కాళ్ళవైపు చూస్తున్నాడు. పొయ్యి దగ్గరికి మాట్లాడిన మనిషి గేటు దగ్గర ఎదురుచూస్తూ ఉంటాడని నాకు చెప్పాడు, ఆమెకు వినబడకుండా.

బండి ఆగింది. ఆ మనిషి నిజంగానే ఉన్నాడు, మఫ్లర్ చుట్టుకొని. సామ్యేలు చుట్టూ తిరిగి వచ్చి తలుపు తీసి చేతులు చాచాడు.

"ఆగు," అంది ఆమె.

దుప్పటి మడిచి సీటు మీద పెట్టింది. కుడి కాలు బయట పెట్టింది, చేతులతో ఎత్తకుండా. ఎడమది కాస్త ఆలస్యంగా వచ్చింది గానీ, వచ్చింది. తలుపు పట్టుకొని లేచి నిలబడింది. నేను చట్నీ గిన్నెతో ఆమె ఎదురుగా దిగి, నోరు తెరుచుకొని చూస్తున్నాను. ఏదైనా మంచిమాట అంటుందని చూస్తున్నాను.

"జరుగు బిడ్డా, అడ్డం నిలవడ్డవ్. పొయ్యి ముట్టియ్యాలె."

ఆ మఫ్లర్ మనిషికి సామ్యేలు రెండు ప్లేట్లు ఇడ్లీ పెట్టి పంపించాడు.

ఆమె మోకాళ్ళు బాగైపోయాయని అనుకోకండి. మధ్యాహ్నం బండెక్కడానికి కొడుకు చెయ్యి కావాలి, ఇప్పటికీ కావాలి. మేం చేసింది పొద్దుటిపూట మాత్రమే.

ఇక నేను కల్పించిన మాట. "తప్పయింది పెద్దమ్మా" అని ఉస్తాద్ అనలేదు. ఆయన ఆమె ఎదుట కూడా నిలబడలేదు. ఏమీ మాట్లాడకుండా నా చేతిలో స్క్రూడ్రైవర్ లాక్కొని నేరుగా బండిలో దూరాడు. మిగిలిందంతా జరిగింది. ఆ ఒక్క మాట ఆయన నోట వస్తుందేమోనని ఆ రోజంతా చూశాను, ఆ తర్వాతా చూశాను. షెడ్డు స్థలం అమ్మేసి తాళం అవతలివాళ్ళ చేతిలో పెట్టిన రోజు దాకా చూశాను. రాలేదు. వినాలని నాకే ఉండింది గనుక నేనే రాసుకున్నాను. ఆయన ఇది చదివితే ఇప్పుడుంటున్న తుర్కయాంజాల్ నుంచి ఫోన్ లేకుండానే తిడతాడు, నాకు వినబడుతుంది.

ఆయన నిజంగా అన్నది వేరు. సువార్తమ్మ బండి పని అయిన మర్నాడు కాయిల్ కారుతున్న కారు ఒకటి వచ్చింది. నేను అలవాటు కొద్దీ బైపాస్‌కు క్లిప్పులు తీసుకుంటున్నాను. ఉస్తాద్ బానెట్ కూడా ఎత్తకుండా ఆ కారు యజమానిని అడిగాడు:

"ఎడమ దిక్కు సీట్ల ఎవరు గూసుంటరు?"